పీటాలో గుత్తివంకాయ పెడితే తప్పా?

పొయ్యిమీదకుండ (డల్లాస్):
పోయిన ఆదివారం మా ఇంట్లో పీటా బ్రెడ్ (మధ్యలో జేబులా తెరుచుకునే అరబ్బుల రొట్టె) మీద పెద్ద చర్చే జరిగింది. ఎనిమిది మంది వచ్చారు. పీటాలు సగానికి కోసి, జేబులు తెరిచి, కొన్నిట్లో బెండకాయ వేపుడు, కొన్నిట్లో గుత్తివంకాయ, కొన్నిట్లో కోడిగుడ్డు పొరటు కూరాను. పక్కన పెరుగు పచ్చడి, ఆవకాయ. నాకైతే బాగానే ఉన్నాయి. మావారి స్నేహితుడొకాయన బీరూట్‌లో రెండేళ్ళు ఉద్యోగం చేసొచ్చారు. ఒక ముక్క తిని "పీటాలో కూర పెట్టడం, దోసెలో పాస్తా పెట్టడం ఒకటే" అన్నారు. అందరూ నవ్వారు. నాకు మండింది. దోసెలో పాస్తా మనవాళ్ళు ఎప్పుడో పెట్టేశారని ఆయనకి తెలియదనుకుంటా.

గుత్తివంకాయ గుజ్జు ఇద్దరి చొక్కాల మీద కారింది, అది మాత్రం ఒప్పుకుంటాను.

వచ్చే శనివారం ఇరవై మంది వస్తున్నారు. పంతం కొద్దీ మళ్ళీ పీటాయే చేద్దామనుకుంటున్నా. మన కూరలు పెడితే నిజంగా తప్పా? లేక వాళ్ళ పద్ధతిలోనే చేయాలా? పక్కన ఏం పెట్టాలో కూడా చెప్పండి.

నూనెగిన్నె:
తప్పని అనను, దండగ అంటాను. గుత్తివంకాయ వేడన్నంలోకి పుట్టిన కూర. పీటా మన పుల్కాకి అన్నలాంటిది, చప్పగా, కాస్త మందంగా ఉంటుంది. అందులో పెట్టేది పుల్లగా ఉండాలి, చల్లగా ఉండాలి, కరకరలాడాలి. ఫలాఫెల్ (శనగల వడలు), తహీనీ (నువ్వుల ముద్ద), కీరదోస, ఊరబెట్టిన కూరలు ఊరికే ఒకచోట చేరలేదు. మీ బెండకాయ వేపుడులో కరకర ఉంది, పులుపేది? పొరటులో మెత్తదనం ఉంది, మిగతావేవి? కూర తినాలనుకుంటే చపాతీ చేసుకోండి, ఎవరొద్దన్నారు?

రాయచోటి_ఖుబ్బూస్:
అక్కా, నేను కువైట్‌లో ఒక ఇంట్లో పదకొండేళ్ళు వంట చేసినాను. ఇప్పుడు ఊర్లోనే ఉన్నా. పీటా అనే మాట అక్కడ ఎవరూ అనరు, మాకది ఖుబ్బూస్. నేనున్నప్పుడు కవరు యాభై ఫిల్సే. గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. రాత్రిపూట ఖుబ్బూస్‌తో పప్పు, చేపల పులుసు, ఎగ్గు బుర్జీ, ఏదుంటే అదే. తప్పని మాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినే ఓపిక ఉండేది కాదు.

కానీ ఒకటి గమనించినా. ఆ ఇంట్లో వాళ్ళు పులుసులాంటిది ఎప్పుడూ రొట్టె లోపల పెట్టలేదు. మరగ్ అని మాంసం, కూరగాయలు వేసి పలుచగా చేస్తారు. దానికి రొట్టె చించి అద్దుకుంటారు. లేదంటే తష్రీబ్ చేస్తారు, ఖుబ్బూస్ ముక్కలు పళ్ళెంలో పరిచి పైన ఆ పులుసు పోస్తే రొట్టె మెత్తగా నానుతుంది. తడి కూరయితే రొట్టె కింద ఉంటుంది, పొడి కూరయితే రొట్టె లోపల ఉంటుంది. మీ చొక్కాల గొడవకి కారణం అదే. వంకాయ తప్పు కాదు, గుజ్జు తప్పు.

వంకాయపక్షం:
రాయచోటి అన్నకి దండం. బీరూట్ ఆయనకి మాత్రం ఇది చదివి వినిపించండి.

పీటాలో వంకాయ, గుడ్డు, మామిడికాయ ఊరగాయ కలిపి పెట్టే శాండ్‌విచ్ ఒకటి ఇప్పటికే ఉంది. పేరు సబీహ్. ఇరాక్ యూదులు శనివారం పొయ్యి వెలిగించరు. అందుకని ముందు రోజే వంకాయ చక్రాలు నూనెలో వేయించి పెట్టుకుని, గుడ్లు రాత్రంతా సన్న సెగ మీద వదిలేసేవాళ్ళు. పొద్దున్నే అవి తినేవాళ్ళు. 1950-51లో లక్షకు పైగా ఇరాక్ యూదులు ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. టెల్ అవీవ్ పక్కన రమత్‌గన్‌లో 1961లో పెట్టిన ఒక బండి నుంచి ఇది వీధుల్లోకి వచ్చింది. పీటాలో వేయించిన వంకాయ, గుడ్డు ముక్కలు, సన్నగా తరిగిన కీరదోస, టమాటా, తహీనీ, పైన అంబా.

ఈ అంబా ఏంటో తెలుసా? పచ్చి మామిడికాయ, ఉప్పు, పసుపు, మెంతులు, ఆవాలు, కారం. పేరు కూడా మనవైపుదే, మరాఠీలో ఆంబా అంటే మామిడి. బొంబాయిలో వ్యాపారం చేసిన బాగ్దాదీ యూదు కుటుంబాల ద్వారా ఇరాక్‌లోని బస్రాకి చేరిందని చెప్పుకుంటారు. బాగ్దాద్‌లో సమూన్ అనే పడవ ఆకారం రొట్టెలో ఇదొక్కటే పెట్టుకుని తినేవాళ్ళూ ఉన్నారు. అంటే మన ఊరగాయ మనకంటే ముందే వెళ్ళి రొట్టెలో కూర్చుంది. ఇక ఆవకాయ పెడితే ఎవరికి అవమానం?

నూనెగిన్నె:
చదువుకుని వచ్చారు, సంతోషం. కానీ అంబా ఆవకాయ కాదండీ. అంబాలో నూనె పెద్దగా ఉండదు, వెనిగర్ పోసి గరిటెజారుగా చేస్తారు. సాస్‌లా పైన పోస్తారు. మన ఆవకాయలో పప్పునూనె తేలుతుంటుంది, ఉప్పు దట్టంగా ఉంటుంది, పైగా టెంక. జేబులోంచి కొరికేటప్పుడు పంటికి టెంక తగిలితే ఆ అతిథి మీ ఇంటికి మళ్ళీ వస్తాడా?

వంకాయపక్షం:
టెంక తీసేస్తే సరి. ముక్కలు సన్నగా తరిగి, ఊట రెండు చెంచాలు గడ్డపెరుగులో కలిపితే అంబాకి చెల్లెలే. మాగాయ అయితే ఇంకా నయం, టెంక గొడవే లేదు, మెంతి వాసన కూడా దగ్గరగా ఉంటుంది. చేసి చూశాకే చెబుతున్నా.

మెంతులు ఎక్కువైతే మర్నాడు చెమట కూడా ఆ వాసనే కొడుతుంది. అంబా తినేవాళ్ళకీ ఇదే ఇబ్బంది.

నూనెగిన్నె:
మాగాయ పెరుగు ఒప్పుకుంటున్నా. ఆవకాయ ముక్క ఒప్పుకోను.

చార్మినార్_చాయ్:
ఇంత చర్చ ఎందుకు భయ్యా. హైదరాబాద్‌లో సాయంత్రం ఏ గల్లీకి పోయినా షవర్మానే. చికెన్, క్యాబేజీ, మయోనైజ్ దట్టంగా. పిల్లలు కూడా తింటరు. మీ పార్టీకి అదే చేయండి, ఎవ్వరూ వంక పెట్టరు.

రాయచోటి_ఖుబ్బూస్:
తమ్ముడూ, హైదరాబాద్ షవర్మా నాకూ ఇష్టమే. కానీ ఆ మయోనైజ్ దగ్గరే నాకు పేచీ. పచ్చి గుడ్డుతో చేసి, ఎండలో బండి మీద పెట్టుకుంటారు. 2024 అక్టోబరు 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది కూడా. లెబనాన్ వాళ్ళ కోడి షవర్మాలో ఉండేది తూమ్. అందులో గుడ్డే ఉండదు. వెల్లుల్లి ఒక కప్పు, నిమ్మరసం, ఉప్పు, నూనె మూడు కప్పులు. వెల్లుల్లి, ఉప్పు మిక్సీలో మెత్తగా పట్టి, నూనె సన్నటి ధారగా పోస్తా ఉండాలి, మధ్యమధ్యలో నిమ్మరసం. వెన్నలా తెల్లగా లేస్తుంది. తొందరపడి నూనె ఒక్కసారే పోస్తే విరిగిపోతుంది, మొదట్లో నావి రెండు గిన్నెలు కాలవ పాలైనాయి. వేటమాంసం షవర్మా అయితే తూమ్ కాదు, తహీనీ.

చార్మినార్_చాయ్:
గుడ్డు లేకుండా మయోనైజ్ లెక్క వస్తదా? రేపే చేస్తా. మా అమ్మ వెల్లుల్లి కప్పు లెక్కన వాడుతున్నానని చూస్తే మాత్రం నా పని అయిపోతది.

పుల్కాపొంగు:
అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. పీటా ఇంట్లో చేస్తారా, కొంటారా? జేబు సరిగా లేకపోతే అంబా అయినా ఆవకాయ అయినా నేల మీదే.

జేబు పొంగేది ఆవిరి వల్ల. పుల్కా పొంగే లెక్కే, కాకపోతే ఈస్ట్ పిండి, ఇంకా ఎక్కువ వేడి. ఓవెన్ 250 డిగ్రీల దాకా కాగాలి, లోపల రాయి గానీ ఇనప పెనం గానీ ముందే బాగా వేడెక్కి ఉండాలి. పిండిలో నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై పై పొరని, కింది పొరని విడదీస్తాయి. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. వత్తేటప్పుడు అంచు పల్చగా, మధ్య మందంగా ఉంటే ఒక పక్కే పొంగుతుంది. తీయగానే బట్టలో చుట్టాలి, లేకపోతే అప్పడమే.

కొన్నవైతే నీళ్ళు చిలకరించి పెనం మీద అర నిమిషం వేడి చేశాకే కోయండి. చల్లగా ఉన్నప్పుడు తెరిస్తే చిరుగుతుంది. గ్రీకు పీటా అని అమ్మేదానికి జేబే ఉండదు, దాన్ని చుట్టుకుని తినాలి. జేబు ఉందో లేదో చూసి కొనండి.

ఇంకొకటి, టమాటా గింజలు తీసేయండి. కీరదోస ముక్కలకి ఉప్పు రాసి పావుగంట వదిలి పిండేయండి. సగం తడి అక్కడే పోతుంది.

మసాలావడ_మేనమామ:
ఇరవై మందికి ఫలాఫెలే చేయమ్మా, లెక్క నేను చెబుతా. ఒక చిన్న బాధ కూడా చెప్పుకుంటా. యూట్యూబ్ చూసి కాబూలీ శనగలు ఉడకబెట్టి ఫలాఫెల్ చేసి, నూనెలో విడిపోయాయని ఏడ్చేవాళ్ళని చాలామందిని చూశాను. మసాలా వడకి పప్పు ఉడకబెడతామా? నానబెట్టి బరకగా రుబ్బుతాం కదా, ఇదీ అంతే. పన్నెండు గంటలు నానాలి, నీళ్ళు పూర్తిగా వార్చాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి, కొత్తిమీర, పార్స్లీ, జీలకర్ర, ధనియాలు, ఉప్పు. పార్స్లీ లేకపోతే కొత్తిమీరే రెట్టింపు వేసుకో. ఈజిప్టులో శనగలు కాకుండా పెద్ద చిక్కుడు గింజలతో చేస్తారు, తామియా అంటారు, లోపల పచ్చగా ఉంటుంది, పైన నువ్వులు అద్దుతారు.

కిలో ఎండు శనగలు నానితే రెండు కిలోలు దాటతాయి. చిన్న నిమ్మకాయంత ఉండలు నూటికి పైగా వస్తాయి. మనిషికి రెండు అర పీటాలు, ఒక్కోదాంట్లో రెండు మూడు. సరిపోతుంది.

పొయ్యిమీదకుండ:
మేనమామ గారూ, మీ లెక్క రాసుకున్నా. మరి హమ్మస్ (ఉడికించిన శనగలు, తహీనీ కలిపి రుబ్బిన ముద్ద) లోపల పూయాలా, పక్కన పెట్టాలా?

రాయచోటి_ఖుబ్బూస్:
లెబనాన్ వాళ్ళయితే పక్కన పెడతారు, రొట్టెతో ముంచుకోవడానికి. ఫలాఫెల్ మీద పోసేది తహీనీ, నిమ్మరసం, వెల్లుల్లి, నీళ్ళు కలిపిన తరతూర్. తహీనీలో నిమ్మరసం పడగానే గట్టిపడి ముద్దవుతుంది. పాడైందని పారేయొద్దు. చల్లనీళ్ళు కొద్దికొద్దిగా పోస్తే తెల్లగా, జారుగా అయిపోతుంది. ఇజ్రాయెల్‌లో హమ్మస్ లోపలే పూస్తారని విన్నా. పూస్తే ఒక లాభం ఉంది, రొట్టెకి తడి తొందరగా అంటదు.

చార్మినార్_చాయ్:
హమ్మస్ అసలు ఎవరిది? ఈ మాట తేల్చండి.

పుల్కాపొంగు:
అది తేలదు. 2010లో లెబనాన్ వాళ్ళు 10,452 కిలోల హమ్మస్ ఒక్క పళ్ళెంలో చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ అంకె ఎందుకంటే వాళ్ళ దేశం విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు. మనం పులిహోర ఎవరిదని తేల్చుకున్నాక దీని సంగతి చూద్దాం.

వంకాయపక్షం:
పక్కన పెట్టేవాటి గురించి నాదొక మాట. ముతబ్బల్ చేయండి. మనం వంకాయ కాల్చి పచ్చడి చేసినట్టే, నేరుగా మంట మీద తొక్క మాడేదాకా కాల్చాలి. చింతపండు బదులు నిమ్మ, పోపు బదులు తహీనీ, పైన ఆలివ్ నూనె. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కూడా మొహం చిట్లించకుండా తింటారు. టర్నిప్ ముక్కలు బీట్‌రూట్ ముక్కతో కలిపి ఉప్పునీళ్ళు, వెనిగర్‌లో వారం ఊరబెడితే గులాబీ రంగు ఊరగాయ వస్తుంది, కానీ మీకు శనివారానికి టైము లేదు. ఉల్లిపాయ చక్రాలు నిమ్మరసంలో గంట ఉంచండి, పనైపోతుంది.

బీట్‌రూట్ వేపుడు, బంగాళదుంప వేపుడు కూడా ధైర్యంగా పెట్టండి. పొడిగా ఉంటే అన్నీ వెళ్తాయి.

నూనెగిన్నె:
బంగాళదుంప వేపుడు సరే. ఫలాఫెల్ శాండ్‌విచ్‌లో వేయించిన బంగాళదుంప పెట్టడం అక్కడా ఉంది. పోపులో మినప్పప్పు వేయకండి, రాయిలా తగులుతుంది.

పొయ్యిమీదకుండ:
ఆదివారం రాత్రి రాస్తున్నా. అయిపోయింది, ఒళ్ళు హూనం.

ఫలాఫెల్, వేయించిన వంకాయ చక్రాలు, ఉడికించిన గుడ్లు, బంగాళదుంప వేపుడు లోపలికి. తరతూర్, మాగాయ పెరుగు, నిమ్మ ఉల్లి, ముతబ్బల్ పక్కన. అన్నీ బల్ల మీద పరిచి ఎవరికి కావలసింది వాళ్ళు కూరుకోండి అన్నా. తూమ్ విరిగింది, రాయచోటి అన్న చెప్పినా తొందరపడ్డా. మాగాయ పెరుగు అన్నిటికంటే ముందు అయిపోయింది. చొక్కాలు శుభ్రం.

బీరూట్ ఆయన ఫలాఫెల్ ఆరు తిన్నారు. చివర్లో "ఇవి మసాలా వడలే కదమ్మా, వీటికింత హడావుడి ఎందుకు" అన్నారు. ఆయనతో నేనింకేం మాట్లాడను?

పద్నాలుగు పీటాలు మిగిలాయి, రేపటికి గట్టిపడతాయి. ఏం చేయాలి?

రాయచోటి_ఖుబ్బూస్:
ఫత్తూష్ చెయ్ అక్కా. ముక్కలుగా చించి నూనెలో ఎర్రగా వేయించు. కీరదోస, టమాటా, ముల్లంగి, పుదీనా తరిగి, నిమ్మరసం, ఆలివ్ నూనె, సుమాక్ పొడి వేసి, తినే ముందు ఆ ముక్కలు కలుపు. సుమాక్ పుల్లగా ఉండే ఎర్ర పొడి, అరబ్బు దుకాణాల్లో దొరుకుతుంది. ముందే కలిపితే మెత్తబడతాయి.

నూనెగిన్నె:
దాంట్లో మాత్రం ఎవరూ ఊరగాయ కలపొద్దు, చెబుతున్నా.

వంకాయపక్షం:
కలిపాను. పోయిన నెల. ఫోటో పెట్టమంటారా?