కష్టమైన టాక్టికల్ పొజిషన్లతో చెస్ ఇంజిన్లను పరీక్షించడం: ఫలితం ప్రతిసారీ ఎందుకు మారుతోంది?

బంటు_బాట:

నమస్తే. ఎండ్‌గేమ్ స్టడీలు (ఒక్క దారిలోనే గెలుపో డ్రానో దొరికేలా కూర్చిన పొజిషన్లు), ఇంజిన్ సాయం అనుమతించే కరస్పాండెన్స్ ఆటలు విశ్లేషించడానికి రెండు ఇంజిన్లలో (ఎత్తులు లెక్కించే చెస్ ప్రోగ్రాములు) ఒకదాన్ని ఎంచుకోవాలి. ఒకటి స్టాక్‌ఫిష్. రెండోది స్టాక్‌ఫిష్ కోడ్ మీదే కట్టి, టాక్టిక్స్ ఎక్కువగా పట్టేలా మార్చినది.

100 పొజిషన్లున్న ఈపీడీ ఫైలు (వరుసకో పొజిషన్, దాని సరైన ఎత్తు రాసిన ఫైలు) మీద రెంటినీ నడిపాను. అమరిక ఇది: 8 త్రెడ్లు (ఒకేసారి నడిచే వెతుకులాటలు), హాష్ (చూసిన పొజిషన్ల ఫలితాలు దాచుకునే మెమరీ) 256 ఎంబీ, పొజిషన్‌కు 10 సెకన్లు, టేబుల్‌బేస్ (కొద్ది పావుల పొజిషన్లకు ముందే తేల్చిన జవాబులు) లేదు. మార్చిన ఇంజిన్ 64 సాధించింది, స్టాక్‌ఫిష్ 60. రెండూ సాధించినవి 55. అదే ఫైలు మళ్లీ నడిపితే అంకెలు అటూ ఇటూ అయ్యాయి. ఒకసారి రెండు సెకన్లలో దొరికిన ఎత్తు ఇంకోసారి పది సెకన్లయినా దొరకలేదు.

ఈ 4 తేడాను నమ్మవచ్చా? పరీక్ష సరిగ్గా చేయాలంటే ఏం మార్చాలి? ఆటల్లో అంత బలమైన ఇంజిన్ ఇలాంటి చోట ఒక్క ఎత్తు దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

లోతు_30:

ఫలితం మారడానికి మొదటి కారణం ఆ 8 త్రెడ్లు. త్రెడ్లన్నీ ఒకే హాష్ టేబుల్‌ను పంచుకుంటూ ఎవరికి వారుగా వెతుకుతాయి. ఏ త్రెడ్ ఏ క్షణంలో ఏ ఎంట్రీ రాసిందన్నది ఆపరేటింగ్ సిస్టమ్ వాటికి సమయం పంచే తీరును బట్టి ఉంటుంది. మిల్లీసెకను తేడా వచ్చినా వెతుకులాట వేరే దారి పడుతుంది. ఇది ఇంజిన్ లోపం కాదు, పద్ధతే అంత.

దీనికి రెండు దారులు. ఒకటి: త్రెడ్స్ 1 పెట్టి, సమయం బదులు నోడ్ల (ఇంజిన్ చూసిన పొజిషన్ల) లెక్క మీద ఆపండి. "గో నోడ్స్ 50000000" అంటే 5 కోట్ల నోడ్లు. హాష్ ఖాళీగా మొదలైతే, అదే ఇంజిన్ ఫైలుకు ఎన్నిసార్లు నడిపినా అక్షరం తేడా లేకుండా అదే ఫలితం వస్తుంది. రెండో దారి: మీరు నిజంగా విశ్లేషించేది 8 త్రెడ్లతోనే కాబట్టి వాటినే ఉంచి, ప్రతి పొజిషన్‌నూ కనీసం 5 సార్లు నడపండి. "దొరికింది, దొరకలేదు" అని కాకుండా 5లో ఎన్నిసార్లు దొరికింది, మధ్యస్థ సమయం ఎంత అని రాసుకోండి. మీ పనికి రెండోదే దగ్గర. మొదటిది కోడ్‌లో ఒక మార్పు ఏం చేసిందో చూసేవారికి మంచిది.

నోడ్లతో ఆపితే వేగంలోని తేడా కనబడదు. అందుకే ముందు రెండు ఇంజిన్లలోనూ "బెంచ్" కొట్టి సెకనుకు ఎన్ని నోడ్లో చూడండి. స్టాక్‌ఫిష్‌లో "కంపైలర్" అని కొడితే ఏ ప్రాసెసర్ సూచనలతో కట్టిన ఫైలో చెబుతుంది. ఒకటి ఏవీఎక్స్2 బిల్డ్, ఇంకొకటి పాత ఎస్ఎస్ఈ బిల్డ్ అయితే మీరు పోల్చింది ఇంజిన్లను కాదు, బిల్డ్‌లను.

ఇక హాష్. పొజిషన్ మారిన ప్రతిసారీ "యూసీఐ న్యూగేమ్" (కొత్త ఆట అని చెప్పి హాష్ చెరిపించే ఆదేశం) పంపి, తర్వాత "ఈజ్‌రెడీ" పంపి, "రెడీఓకే" వచ్చేదాకా ఆగాలి. ఇది చేయకపోతే రెండో రౌండ్‌లో ఎత్తు సగం సెకనులో దొరుకుతుంది, ఎందుకంటే జవాబు మొదటి రౌండ్ నుంచి టేబుల్‌లోనే ఉంది. కొన్ని జీయూఐలు (ఇంజిన్‌ను తెర మీద నడిపే ప్రోగ్రాములు) ఈపీడీ టెస్ట్‌లో దీన్ని తామే చేయవు. పైథాన్-చెస్ లైబ్రరీతో స్క్రిప్ట్ రాస్తే, విశ్లేషణ కాల్‌లో "గేమ్" అనే ఆర్గ్యుమెంట్‌కు ప్రతి పొజిషన్‌కూ కొత్త ఆబ్జెక్ట్ ఇవ్వండి. ఆట మారిందని లైబ్రరీయే ఇంజిన్‌కు చెబుతుంది.

హాష్ పరిమాణం కూడా మీకు చాలదు. స్టాక్‌ఫిష్‌లో 32 బైట్ల గుంపుకు 3 ఎంట్రీలు పడతాయి, అంటే 256 ఎంబీలో సుమారు 2.5 కోట్లు. త్రెడ్‌కు సెకనుకు 10 లక్షల నోడ్లు అనుకున్నా 8 త్రెడ్లు 10 సెకన్లలో 8 కోట్ల నోడ్లు చూస్తాయి. ప్రతి నోడ్‌కూ కొత్త ఎంట్రీ పడదు గానీ, టేబుల్ నిండి పాతవి చెరిగిపోవడం ఖాయం. ఇంజిన్ పంపే సమాచారంలో "హాష్‌ఫుల్" అంకె వెయ్యికి ఎంత అన్నది చూపిస్తుంది. అది 900 దాటుతుంటే హాష్‌ను 1 జీబీకో 2 జీబీకో పెంచండి.

ల్యాప్‌టాప్ అయితే వేడి కూడా లెక్కలోకి వస్తుంది. మొదటి పొజిషన్లు పూర్తి వేగంతో, 20 నిమిషాల తర్వాతవి తగ్గిన వేగంతో నడుస్తాయి. ఫైలును తలకిందులు చేసి ఇంకోసారి నడపండి. మొదట్లో పెట్టిన పొజిషన్లే ప్రతిసారీ ఎక్కువ దొరుకుతుంటే అది వేడి పనే.

ఇంకొకటి: "దొరికింది" అనడానికి కచ్చితమైన నియమం పెట్టుకోవాలి. సరైన ఎత్తు మూడో సెకనులో వచ్చి, ఆరో సెకనులో పోయి, తొమ్మిదిలో మళ్లీ వస్తే సమయం 9 సెకన్లు, 3 కాదు. చివరిదాకా నిలిచిన మార్పు ఎప్పుడు జరిగిందో అదే లెక్క.

గుర్రం_ఎఫ్6:

ఇంజిన్ ఎందుకు ఆగిపోతుందన్నది నాకు ఇష్టమైన విషయం. గ్రాండ్‌మాస్టర్లు టొపలోవ్, షిరోవ్ 1998లో లినారెస్‌లో ఆడిన ఆట తీసుకుందాం. తెల్ల రాజు జీ1, బిషప్ సీ3, బంట్లు జీ2, హెచ్4. నల్ల రాజు ఈ6, బిషప్ ఎఫ్5, బంట్లు ఏ4, డీ5, ఎఫ్6, జీ6. ఆడాల్సింది నలుపు. రెండు బంట్లు ఎక్కువున్నా బిషప్‌లు వేర్వేరు రంగు గళ్లవి, మామూలుగా చూస్తే డ్రా వాసన. షిరోవ్ 47వ ఎత్తుగా బిషప్‌ను హెచ్3లో పెట్టాడు, ఊరికే తీసుకోమని.

నల్ల రాజు ఎఫ్5 మీదుగా ఈ4 చేరాలి. ఆ దారికి తన బిషప్పే అడ్డం. దాన్ని వేరే ఎక్కడికి తీసినా తెల్ల రాజుకు ఎఫ్2 మీదుగా వచ్చి ఆపే సమయం చిక్కుతుంది. హెచ్3లో పెడితే జీ2 బంటు మీద దాడి కూడా, కాబట్టి ఒక ఎత్తు మిగులుతుంది. ఆటలో తెలుపు బిషప్‌ను తీసుకుంది. రాజు ఎఫ్5, ఈ4 చేరాడు, తర్వాత డీ బంటు కదిలింది, రాజు డీ3, సీ4, బీ3 నడిచాడు. 53వ ఎత్తుకు టొపలోవ్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఇంజిన్ వైపు నుంచి చూడండి. హెచ్3 ఎత్తు చెక్ కాదు, దేన్నీ కొట్టదు, పైగా బంటు చేత బిషప్‌ను పోగొడుతుంది. ఎత్తుల వరుసలో అది అడుగున పడుతుంది. వరుసలో వెనకున్న ప్రశాంతమైన ఎత్తులను ఇంజిన్ తక్కువ లోతుకే చూస్తుంది. "లేట్ మూవ్ రిడక్షన్" అంటే ఇదే. రూట్‌లో (వెతుకులాట మొదలయ్యే పొజిషన్‌లో) ఎత్తును పూర్తిగా కొట్టేయకపోయినా లోతు తగ్గుతుంది. ఆ తగ్గిన లోతులో కనబడేది ఒక్కటే, బిషప్ పోయింది. అంతటితో అయిపోలేదు. తర్వాత రాజు నడిచే ఎత్తులు కూడా ప్రశాంతమైనవే, వాటికీ కోతలు పడతాయి. ఇంజిన్ "డెప్త్ 30" అని చూపిస్తున్నప్పుడు ఈ వరుసను నిజంగా చూసింది అందులో చిన్న భాగమే. అందుకే డెప్త్ అంకెతో రెండు ఇంజిన్లను పోల్చకండి, ఒక్కో ఇంజిన్‌లో కోతల లెక్క ఒక్కోలా ఉంటుంది.

ఈ కోతలు తీసేస్తే టాక్టిక్స్ బాగా దొరుకుతాయి కదా అంటే, ఇలాంటి పొజిషన్లలో దొరుకుతాయి. మిగతా అన్ని చోట్లా లోతు తగ్గి ఆటలు ఓడిపోతుంది. మీ రెండో ఇంజిన్ చేసిన బేరం బహుశా ఇలాంటిదే.

నల్ మూవ్ కూడా గుర్తుంచుకోండి. "నా ఎత్తు వదిలేసినా నేనే మెరుగ్గా ఉన్నాను" అనిపిస్తే ఇంజిన్ ఆ కొమ్మను వదిలేస్తుంది. ఎత్తు ఆడాల్సి రావడమే నష్టమయ్యే జుగ్‌జ్వాంగ్ పొజిషన్లలో ఈ తర్కం తప్పుతుంది. స్టడీలలో జుగ్‌జ్వాంగ్ అడుగడుగునా ఉంటుంది కాబట్టి అది మీకు నేరుగా తగిలే సమస్య.

కోత వల్ల తప్పిందా, మదింపు (పొజిషన్‌కు స్కోరు వేయడం) వల్ల తప్పిందా అని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. హాష్ ఖాళీ చేసి, ఆ ఒక్క ఎత్తునే వెతకమనండి: "గో మూవ్‌టైమ్ 30000 సెర్చ్‌మూవ్స్ ఎఫ్5హెచ్3". సెర్చ్‌మూవ్స్ వరుస చివర్లోనే ఉండాలి, లేకపోతే దాని తర్వాత వచ్చే మాటలను స్టాక్‌ఫిష్ ఎత్తులుగా చదవబోతుంది. ఎత్తును బలవంతంగా ఇచ్చాక స్కోరు త్వరగా పైకి ఎగిస్తే తప్పు రూట్‌లోని వరుసది, కోతది. 30 సెకన్లయినా కదలకపోతే లోపల ఇంకెక్కడో కోత పడుతోంది, లేదా మదింపుకే ఆ గెలుపు కనబడడం లేదు. అప్పుడు పరిష్కారంలో రెండు మూడు ఎత్తులు ముందుకు వెళ్లి, స్కోరు మారే చోటు వెతికి, హాష్ చెరపకుండా ఒక్కో ఎత్తూ వెనక్కు రండి. విశ్లేషణలో ఎత్తు పట్టుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. పరీక్షలో మాత్రం ఇలా చేయకూడదు.

బంటు_బాట:

హెచ్3 పొజిషన్ నా ఫైలులోనూ ఉంది. మల్టీపీవీ (ఒకేసారి చూపించే మంచి ఎత్తుల సంఖ్య) 4 పెడితే ముందే దొరుకుతోంది, 1 పెడితే ఆలస్యం. పరీక్షకు ఏది పెట్టాలి? ఫైలులో ఉన్న జవాబులు నమ్మదగ్గవో కాదో ఎలా తెలుస్తుంది?

మూడో_గడి:

పరీక్షకు మల్టీపీవీ 1. 4 పెడితే రూట్‌లో మొదటి నాలుగు ఎత్తులకూ పూర్తి స్కోరు తేల్చాలి కాబట్టి విచిత్రమైన ఎత్తు ముందే పైకి వస్తుంది, కానీ మొత్తం లోతు తగ్గుతుంది. రెండూ పెట్టి నడపవచ్చు, ఫలితాలను మాత్రం ఒకే పట్టికలో కలపకండి.

మల్టీపీవీ అసలు పని జవాబులు తనిఖీ చేయడం. ఇప్పటికీ చలామణిలో ఉన్న చాలా సెట్లు బలమైన ఇంజిన్లు రాకముందువి. బ్రాట్కో-కోపెక్ 24 పొజిషన్లు 1982 నాటివి, అందులో సగం టాక్టిక్స్ కూడా కావు, బంట్ల కదలికలు. "విన్ ఎట్ చెస్" సెట్‌లోని 300 పొజిషన్లు ఈనాటి ఇంజిన్‌కు చాలావరకు సెకనులోపు పని. వాటితో ఇంజిన్ సరిగ్గా కంపైల్ అయిందో లేదో చూసుకోవచ్చు, బలాబలాలు తేలవు. ఎస్టీఎస్ 15 అంశాల మీద 1500 పొజిషన్లు, అది పొజిషనల్ ఆటకు. మీకు దగ్గరగా ఉండేవి ఈఆర్ఈటీ 111 పొజిషన్లు, అరాసన్ సెట్.

ఏ సెట్ తీసుకున్నా ప్రతి పొజిషన్‌నూ మల్టీపీవీ 3తో, పెద్ద హాష్‌తో 10 నిమిషాలు నడపండి. రెండో ఎత్తు కూడా గెలుస్తుంటే ఆ పొజిషన్ తీసేయండి, లేదా ఈపీడీలో "బీఎం" (సరైన ఎత్తు) పక్కన రెండు ఎత్తులూ రాయండి. జవాబుగా ఇచ్చిన ఎత్తు గెలవకపోతే అదీ పోవాలి. మూడెత్తుల్లో మేట్ ఉన్నచోట వేరే ఎత్తుతో ఏడెత్తుల్లో మేట్ చేసిన ఇంజిన్‌ను "తప్పు" అనడం అర్థంలేనిది. ఓడిపోయే ఎత్తు ఒకటి ఉండి మిగతావన్నీ సరే అనుకునేచోట "ఏఎం" (ఆడకూడని ఎత్తు) వాడాలి.

స్కోరు అంకెలతో జాగ్రత్త. స్టాక్‌ఫిష్ 15.1 నుంచి +1.00 అంటే గెలిచే అవకాశం 50% అని అర్థం వచ్చేలా మార్చారు. పాత వెర్షన్లో +1.00 అదే కాదు. అందుకే "యూసీఐ షోడబ్ల్యూడీఎల్" ఆన్ చేసి, గెలుపు, డ్రా, ఓటమి అంకెలు చూడండి. గెలుపు 1000కి 950 పైన ఉండి రెండో ఎత్తుకు డ్రా 900 పైన ఉంటే శుభ్రమైన పొజిషన్.

కోట (ఎదుటివారు చొరబడలేని రక్షణ) కట్టి డ్రా చేసే పొజిషన్లను ఈ ఫైలులో కలపొద్దు. 2017లో శాస్త్రవేత్త పెన్‌రోజ్ పేరుతో తిరిగిన పొజిషన్ తెలిసే ఉంటుంది, నలుపుకు ఒకే రంగు గళ్ల బిషప్‌లు మూడు. ఇంజిన్ నలుపు గెలుస్తుందని భారీ స్కోరు చూపిస్తుంది, నిజానికి తెల్ల రాజు అటూ ఇటూ నడిస్తే డ్రా. ఆ డ్రా ఎత్తును ఇంజిన్ ఆడినా దానికి అర్థమైందని కాదు.

స్టడీల కోసం అయితే సిజిజీ టేబుల్‌బేస్ పెట్టండి. 5 పావుల దాకా సుమారు 1 జీబీ, 6 పావులవి సుమారు 150 జీబీ. ఎస్‌ఎస్‌డీ మీదే ఉంచాలి, హార్డ్‌డిస్క్ మీద పెడితే చదవడానికే సమయం పోయి నోడ్ల వేగం పడిపోతుంది. రెండు ఇంజిన్లకూ ఒకే ఫోల్డర్ చూపించారా, "టీబీహిట్స్" (జవాబు టేబుల్‌బేస్‌లో దొరికిన సార్లు) రెంటిలోనూ సున్నా దాటుతోందా చూసుకోండి.

లెక్కల_మాస్టారు:

64, 60 సంగతి. రెండూ సాధించినవి 55 కాబట్టి వాటిని పక్కన పెట్టండి. రెండూ సాధించని 31 కూడా ఏమీ చెప్పవు. తేడా చెప్పేవి ఒకదానికే దొరికిన 14 మాత్రమే, అవి 9, 5గా చీలాయి. నాణెం 14 సార్లు ఎగరేస్తే 9, 5గానో అంతకంటే ఎడంగానో పడడం చాలా మామూలు. 14లో 12, 2 వంటి చీలిక వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. అదీ 5 సార్లు నడిపి, 3 సార్లయినా దొరికినవాటినే "సాధించినవి"గా లెక్కపెట్టాక.

పొజిషన్లు పెంచడమే దారి. సులువైనవి కలిపి పెంచితే లాభం లేదు, అవి రెండు ఇంజిన్లకూ దొరుకుతాయి. మీ సమయంలో 30% నుంచి 70% దాకా దొరికే కష్టం ఉన్నవే పనికొస్తాయి.

ఆటల బలం వేరే కొలత, దానికి ఆటలే ఆడించాలి. ఫాస్ట్‌చెస్ గానీ క్యూట్‌చెస్ గానీ (ఇంజిన్ల మధ్య ఆటలు నడిపే ప్రోగ్రాములు) తీసుకుని, ఒక్కో ఓపెనింగ్‌ను రంగులు మార్చి రెండుసార్లు, ఆటకు 10 సెకన్లు, ఎత్తుకు అదనంగా 0.1 సెకను సమయంతో. సగం ఆటలు డ్రా అయ్యాయనుకుంటే 1000 ఆటల తర్వాత కూడా 95% నమ్మకంతో తప్పు సుమారు ±15 ఈలో (ఆటబలం కొలిచే పాయింట్లు) ఉంటుంది. చిన్న తేడా తేల్చడానికి స్టాక్‌ఫిష్ వాళ్లు తమ పరీక్షా వేదిక ఫిష్‌టెస్ట్‌లో ఎస్పీఆర్టీ (తేడా తేలగానే ఆపే గణాంక పరీక్ష) పెట్టి వేలకొద్దీ ఆటలు ఆడించేది ఇందుకే.

మీ కరస్పాండెన్స్ ఆటలకు ఈలో ఎక్కువున్న ఇంజిన్, స్టడీలకు మీ సొంత స్టడీల ఫైలులో ఎక్కువ సాధించిన ఇంజిన్. ఒక్కదానికే కట్టుబడాల్సిన అవసరం నాకు కనబడడం లేదు.

బంటు_బాట:

అర్థమైంది, ధన్యవాదాలండీ. త్రెడ్లు 8, హాష్ 2 జీబీ, పొజిషన్‌కు 5 సార్లు పెట్టి మళ్లీ నడుపుతాను. ఎల్‌సీజీరో అనే ఇంకో ఇంజిన్‌ను కూడా ఇదే పట్టికలో చేర్చవచ్చా?

లోతు_30:

చేర్చవచ్చు, నోడ్ల గడి మాత్రం ఖాళీగా ఉంచండి. ఎల్‌సీజీరోలో ఒక నోడ్ అంటే పెద్ద న్యూరల్ నెట్‌వర్క్ ఒకసారి నడవడం, స్టాక్‌ఫిష్ నోడ్‌తో దానికి పోలికే లేదు. సమయంతోనే పోల్చాలి, పక్కన గ్రాఫిక్స్ కార్డు పేరు, నెట్‌వర్క్ ఫైలు పేరు తప్పక రాయాలి. అది తప్పే తీరు కూడా వేరు. నెట్‌వర్క్ ఒక ఎత్తుకు చాలా తక్కువ సంభావ్యత ఇస్తే ఆ కొమ్మకు సందర్శనలే వెళ్లవు, హెచ్3 లాంటి బలి ఎత్తులకు సరిగ్గా అదే జరగవచ్చు. "వెర్బోస్ మూవ్ స్టాట్స్" ఆన్ చేస్తే ఒక్కో ఎత్తు పక్కన పీ (సంభావ్యత), ఎన్ (సందర్శనలు) అంకెలు కనబడతాయి. పీ 1% లోపు, ఎన్ పదుల్లోనే ఉంటే దానికి ఇంకా చూసే అవకాశమే రాలేదు. పీ బాగానే ఉండి, ఎన్ వేలల్లో ఉండి కూడా ఎంచుకోకపోతే, చూసింది కానీ గెలుపు పట్టలేదు. ఈ రెండింటినీ వేర్వేరు గుర్తులతో రాసుకోండి.