దీర్ఘకాల సిక్ లీవ్‌లో ఉండగా ఆక్యుపేషనల్ హెల్త్ నుంచి పిలుపు వచ్చింది: ఏం చెప్పాలి, దేనికి సంతకం పెట్టాలి?

ప్రశ్న (వార్డు నర్సు, ఇంగ్లండ్)

అందరికీ నమస్కారం. నేను ఒక ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రిలో వృద్ధుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. యాజమాన్యం స్పాన్సర్‌షిప్‌తో వచ్చే స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను, ఇది సర్వీసులో మూడో సంవత్సరం. నడుములో డిస్క్ జారి ఆపరేషన్ అయ్యాక, నెలల తరబడి ఫిట్ నోట్ల (అనారోగ్యం గురించి డాక్టరు రాసిచ్చే పత్రాల) మీద ఇంటి దగ్గరే ఉంటున్నాను. నా సర్వీసుకు వచ్చే 4 నెలల పూర్తి జీతం అయిపోయి, ఇప్పుడు సగం జీతం మీద నడుస్తోంది. ఈ వారం మా మేనేజర్ నన్ను ఆక్యుపేషనల్ హెల్త్‌కు (ఉద్యోగుల ఆరోగ్యం పనికి ఎంతవరకు సరిపోతుందో చూసే విభాగానికి) రిఫర్ చేశారు. ఫోన్‌లో మాట్లాడతారట. నా జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర నుంచి రిపోర్టు తెప్పించుకోవడానికి ఒక సమ్మతి పత్రం కూడా పంపారు.

నొప్పి ఇంకా ఉందని ఉన్నదున్నట్టు చెబితే ఈ పనికి తగనని రాసి ఉద్యోగంలోంచి తీసేస్తారేమోనని ఒక భయం. తగ్గిందని చెబితే వెంటనే పన్నెండున్నర గంటల షిఫ్టులో వేస్తారేమో, మంచం మీద రోగిని పక్కకు తిప్పే మొదటిసారికే మళ్లీ నడుము పట్టేస్తుందేమోనని ఇంకో భయం. ఈ దారిలో వెళ్లినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఆక్యుపేషనల్ హెల్త్ విభాగంలో పనిచేసిన నర్సు)

సిస్టర్ గారూ, వాళ్లు తేల్చాల్సింది మీకు నొప్పి ఉందా లేదా అని కాదు, ఏ పని చేయగలరు, ఏది చేయలేరు, ఎప్పటికి చేయగలరు అన్నది. కాబట్టి మాట్లాడే ముందు మీ వార్డు పనిని ముక్కలుగా రాసి పెట్టుకోండి: మందుల రౌండులో ఎంతసేపు నిలబడాలి, హోయిస్ట్ (రోగిని ఎత్తే యంత్రం) తోసేటప్పుడు నడుము మీద ఎంత భారం పడుతుంది, స్లైడ్ షీట్ (రోగిని జరపడానికి కింద వేసే జారుడు గుడ్డ) వేయడానికి ఎంత వంగాలి, కేస్ నోట్లు రాయడానికి ఎంతసేపు కూర్చోవాలి. ఒక్కొక్కదాని పక్కన ఇవాళ మీ వల్ల ఎంతవరకు అవుతుందో, అది చేశాక ఆ రాత్రి, మర్నాడు పొద్దున ఎలా ఉంటుందో రాయండి. "నడుము నొప్పిగా ఉంటోంది" అంటే రిపోర్టులో ఒక్క వాక్యంతో పోతుంది. "అరగంట కూర్చుంటే ఎడమ కాలు తిమ్మిరెక్కి, లేచి నాలుగడుగులు వేస్తే గానీ తగ్గదు" అంటే దాని మీద ఒక సిఫారసు రాయవచ్చు. ఎలా ఉన్నారని అడగగానే బాగానే ఉన్నానండీ అనడం మనకు మర్యాద కావచ్చు గానీ, ఆ ఫోన్‌లో మాత్రం ఆ మర్యాద పక్కన పెట్టండి, ఎందుకంటే అవతలివారు మిమ్మల్ని చూడలేరు, మీరు చెప్పిందే రాసుకుంటారు.

మేనేజర్ రిఫరల్‌లో ఏయే ప్రశ్నలు అడిగారో ముందుగానే కాపీ అడిగి తీసుకోండి. రిపోర్టు పంపే ముందు మీకు చూపించమని కూడా ఆ ఫోన్‌లోనే చెప్పండి. తేదీలు, వివరాలు తప్పుగా ఉంటే సరిచేస్తారు, కానీ వైద్య అభిప్రాయాన్ని మీ కోసం మార్చరు.

ఇక సమ్మతి పత్రం సంగతి. మీకు వైద్యం చేస్తున్న డాక్టరు ఇచ్చే రిపోర్టుకు 1988 నాటి యాక్సెస్ టు మెడికల్ రిపోర్ట్స్ చట్టం వర్తిస్తుంది. ముందుగా చూస్తానని ఆ పత్రంలో గుర్తు పెడితే, దాన్ని చూడటానికి మీకు 21 రోజుల గడువు ఉంటుంది. సమ్మతి నిరాకరించే హక్కూ ఉంది, కానీ అప్పుడు యాజమాన్యం తన చేతిలో ఉన్న సమాచారంతోనే నిర్ణయం తీసుకుంటుంది, అది మీకు మేలు చేస్తుందని నేను అనుకోను. నడుముకు సంబంధించిన విషయాల వరకే అని పరిమితి రాసి ఇవ్వడం నా దృష్టిలో సరైన పద్ధతి.

సమాధానం (యూనియన్ ప్రతినిధి)

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. ఒక్క విషయం కలుపుతాను: ఆక్యుపేషనల్ హెల్త్ రిపోర్టు సలహా మాత్రమే, నిర్ణయం యాజమాన్యానిది. అందుకే ఆ రిపోర్టులో మీకు కావలసిన మార్పులు స్పష్టంగా ఉండేలా చూసుకోవాలి. ఒక ఆరోగ్య సమస్య రోజువారీ పనులకు గణనీయంగా అడ్డుపడుతూ, 12 నెలలు ఉన్నా, ఉండే అవకాశం ఉన్నా, 2010 ఈక్వాలిటీ చట్టం కింద అది వైకల్యం కాగలదు, అప్పుడు యాజమాన్యం సహేతుకమైన సర్దుబాట్లు చేయాల్సిందే. ఏడాది నిండే దాకా ఆగనక్కర్లేదు. కాబట్టి ఈ చట్టం వర్తించే అవకాశం ఉందా అని ఆక్యుపేషనల్ హెల్త్ వారిని సూటిగా అడగండి. వారి అభిప్రాయమే తుది మాట కాదు, వివాదం వస్తే ఉద్యోగ వివాదాల ట్రిబ్యునల్ తేలుస్తుంది, అయినా కాగితం మీద ఉంటే ఆ తర్వాతి మీటింగుల్లో ఎంతో బలం. రోగులను ఎత్తే పని లేకుండా కొంతకాలం అవుట్‌పేషెంట్ క్లినిక్‌లోనో, ఆపరేషన్‌కు ముందు పరీక్షల విభాగంలోనో పని అడగవచ్చు. ఆ మీటింగులకు ఒంటరిగా వెళ్లకండి, యూనియన్ మనిషిని వెంట తీసుకెళ్లండి.

సిక్ లీవ్‌లో ఉన్నా వార్షిక సెలవు జమ అవుతూనే ఉంటుంది. ఫేజ్డ్ రిటర్న్ (దశలవారీగా పనిలో చేరే) వారాల్లో పని చేయని రోజులకు దాన్ని వాడుకుంటే జీతం తగ్గకుండా చూసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. గంటలు తగ్గించుకుని చేరితే జీతం తగ్గి వీసాకు ముప్పు వస్తుందని తోటివారు అంటున్నారు. నాకు అన్నిటికన్నా పెద్ద దిగులు అదే, ఎందుకంటే మావారి వీసా, పాప చదువు నా ఉద్యోగం మీదే ఆధారపడి ఉన్నాయి.

సమాధానం (అదే వీసా మీద సిక్ లీవ్ తీసుకుని తిరిగి చేరిన ఉద్యోగి)

అక్కా, మీరు భయపడుతున్నది దేని గురించో సరిగ్గా దానికే ఈ అసెస్‌మెంట్ మీకు అవసరం. జీతం లేని సెలవు ఏడాదిలో 4 వారాలు దాటితే స్పాన్సర్‌షిప్ ఆపాలనే నిబంధన ఉంది, కానీ అనారోగ్య సెలవుకు అందులో మినహాయింపు ఉంది. అనారోగ్యం వల్ల తాత్కాలికంగా గంటలు తగ్గించుకున్నా, దశలవారీగా పనిలో చేరినా, జీతం తగ్గుదలను నిబంధనలు అనుమతిస్తాయి, అయితే ఆ ఏర్పాటును ఆక్యుపేషనల్ హెల్త్ అసెస్‌మెంట్ సమర్థించాలి, గంటకు వచ్చే వేతనం వీసా షరతుల కన్నా తగ్గకూడదు. కనుక మేనేజర్‌తో నోటిమాటగా గంటలు తగ్గించుకోవద్దు. ఏ వారం ఎన్ని గంటలు, ఎన్ని వారాల పాటు అన్నది రిపోర్టులో రాయించుకుని, దాన్ని జత చేసి హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పంపి, స్పాన్సర్‌షిప్ చూసే విభాగానికి కూడా తెలియజేయమని అందులోనే అడగండి. ఫిట్ నోట్లకు మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా చూసుకోండి. మీది ఎప్పుడు ముగుస్తుందో ఇవాళే చూసి, అంతకు ముందే జీపీ సర్జరీకి ఫోన్ చేయండి.