187 వారాలు అంటే ఎన్నేళ్లు? ఎక్స్‌పీరియన్స్ ఎలా వేయాలి?

మారతహళ్లి_పీజీ:
ఫ్రెండ్స్, అర్జెంట్ డౌట్. ఇక్కడ బెంగళూరులో కాంట్రాక్ట్ మీద చేశాను, క్లయింట్ అమెరికా వాళ్లు కాబట్టి అంతా వీక్లీ టైమ్‌షీట్లే, చివరికి ఇచ్చిన లెటర్‌లో కూడా 187 వీక్స్ అనే వేశారు. కొత్త కంపెనీ ఫామ్‌లో ఇయర్స్ అడుగుతున్నారు. రూమ్మేటేమో నెలకి నాలుగు వారాలే కదరా, నాలుగుతో భాగిస్తే 46 నెలల పైనే వస్తుంది, 3 ఏళ్ల 11 నెలలు అని వేసెయ్ అంటున్నాడు. నాకు ఎక్కువనిపిస్తోంది. బీజీవీలో, అదే కొత్త కంపెనీ చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తేడా వస్తే ఆఫర్ పోతుందేమోనని భయం. హెల్ప్ చేయండి ప్లీజ్.

లెక్కలక్క:
ఆ లెక్క అస్సలు వేయకు తమ్ముడూ. నెలకి 4 వారాలంటే ఏడాదికి 48 వారాలే అవుతాయి, కానీ ఏడాదికి 52 వారాలు, పైన ఒక రోజు, లీపు ఇయర్ అయితే రెండు రోజులు. అంటే ఏడాదికి నాలుగు వారాల పైనే తేడా, నీకు మూడేళ్లకే నాలుగు నెలలు ఎక్కువ చూపించింది అందుకే. నెలకి సగటున 4.35 వారాలు పడతాయి. 187లో 52 చొప్పున మూడు సార్లు తీసేస్తే 31 మిగిలాయి, దాన్ని 4.35తో భాగిస్తే 7 నెలలు. సో 3 ఏళ్ల 7 నెలలు.

బీటీఎం_బ్రో:
అక్క చెప్పింది కరెక్ట్. ఇంకోటి బ్రో, మనోళ్లు 3 ఏళ్ల 7 నెలల్ని "త్రీ పాయింట్ సెవెన్" అంటారు కదా, ఫామ్‌లో డెసిమల్ అడిగితే మాత్రం అలా కొట్టొద్దు, 3.7 అంటే 3 ఏళ్ల 8 నెలల పైనే అవుతుంది. 7ని 12తో భాగించు, 0.58. నువ్వు వేయాల్సింది 3.58. అసలు వారాల గొడవ ఎందుకు, జాయినింగ్ డేట్ ఉందా?

మారతహళ్లి_పీజీ:
ఉంది అన్నా, పాత మెయిల్లో దొరికింది, 2022 జనవరి 3, సోమవారం. చాలా థ్యాంక్స్ అక్కా, మనసు కుదుటపడింది.

లెక్కలక్క:
అయితే ఇంకా మంచిది. 187 వారాలంటే 1309 రోజులు, ఆ సోమవారం నుంచి లెక్కేస్తే 2025 ఆగస్టు 3 ఆదివారంతో పూర్తవుతుంది, మధ్యలో 2024 లీపు ఇయర్ కూడా కలిపే చెప్తున్నా. సరిగ్గా 3 ఏళ్ల 7 నెలల ఒక రోజు. చివరి టైమ్‌షీట్ ఆ వారానిదేనా చూసుకో, మధ్యలో గ్యాప్ ఉంటే డేట్లు మారతాయి.

బీటీఎం_బ్రో:
ఇకముందు కూడా వీక్లీ టైమ్‌షీట్లే అయితే ఒకటి గుర్తుపెట్టుకో, ఐఎస్ఓ వీక్ నంబర్లలో (ఏడాదిలో వారాలకి వరుసగా నంబర్లిచ్చే అంతర్జాతీయ పద్ధతి) కొన్ని ఏళ్లకి 53 వారాలుంటాయి, 2020కి ఉన్నాయి, 2026కి కూడా ఉన్నాయి. ఫామ్‌లో డేట్లు వేసే బాక్స్ ఉంటే అవే వేసెయ్, వెరిఫికేషన్ వాళ్లు మెయిన్‌గా చూసేది వాటినే.