ఇనప బ్యారెల్ బుల్లెట్ 350ని ట్రాక్‌కి తయారు చేస్తున్నా: ముందు హెడ్డా, క్యామా?

పాలకొల్లు 350
అందరికీ నమస్కారమండి. మా మావయ్య వాడిన బుల్లెట్ ఉంది, స్పార్కుకి పాయింట్లు ఉండే పాత మోడల్. 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 90 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), ఇప్పటిదాకా బోరు పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయలేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద దీన్ని ఒకసారి గట్టిగా తిప్పాలని కోరిక. కప్పులు గెలిచే ఆశేం లేదు. ఇక్కడ ఒక మెకానిక్ హెడ్‌లో పోర్టులు (గాలి, పొగ పోయే దారులు) బాగా పెద్దవి చేసి రేస్ క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) వేసేద్దాం అంటున్నాడు. డబ్బు రెండింటికీ ఒకేసారి సరిపోదు. ముందు దేని మీద పెట్టాలి?

తణుకు టర్నర్
ముందు కొలతలు తీయండి, దానికి డబ్బు ఖర్చవదు. మీ బండి కంప్రెషన్ (పిస్టన్ కిందున్నప్పటి జాగా, పైకొచ్చాక మిగిలే జాగాకి ఎన్ని రెట్లో ఆ లెక్క) ఎంతో తెలియకుండా క్యామ్ కొంటే చెప్పుల సైజు చూసి చొక్కా కుట్టించినట్టే.

పిస్టన్‌ను సరిగ్గా టాప్‌కి (అన్నిటికంటే పై చోటికి) తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్నాయో లేదో చూసుకోండి. ప్లగ్ రంధ్రం అన్నిటికంటే ఎత్తులో ఉండేలా ఇంజన్‌ను వంచి పెట్టండి. మందుల షాపులో దొరికే పెద్ద సిరంజితో పల్చటి ఆయిల్ ఎక్కించండి. బుడగలు పైకి రావడానికి కాస్త టైమివ్వాలి. ఆయిల్ ప్లగ్ మర మొదలయ్యే చోటికి వచ్చేదాకా ఎన్ని సీసీలు పట్టిందో రాసుకోండి. ఆయిల్ మట్టం కళ్లముందే దిగిపోతుంటే రింగులో వాల్వులో లీకు, ఆ లెక్క నమ్మకండి.

మీ సిలిండర్ 346 సీసీ. లోపల 55 సీసీ పడితే కంప్రెషన్ 7.3 దగ్గర. అదే 46కి తెస్తే 8.5.

గోదారి ఫియట్
రాజమండ్రి నుంచి. నాది 1100 ఫియట్, 68 బోరు, 75 స్ట్రోకు. షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగిన రోజుల్లో ఈ కార్లు అక్కడ బాగానే పరిగెత్తాయి. టర్నర్ గారు చెప్పిందానికి ఒకటి కలుపుతాను. నాలుగు సిలిండర్లున్నప్పుడు నాలుగు ఛాంబర్లూ ఒకే సీసీకి రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువైతే స్పార్కుకి ఏ టైమింగ్ పెట్టినా ఒక సిలిండర్‌లో మిక్చర్ అదుపు తప్పి పేలి టకటక కొట్టుకుంటూనే ఉంటుంది.

అయితే క్యామ్‌ను అంత తక్కువ చేసి మాట్లాడకండి. నా కారులో అసలు మార్పు తెలిసింది క్యామ్ మార్చాకే.

తణుకు టర్నర్
తక్కువ చేయడం లేదండి. ఎక్కువ డ్యురేషన్ క్యామ్ (వాల్వును ఎక్కువసేపు తెరిచి ఉంచేది) వేస్తే ఇన్‌టేక్ వాల్వు (గ్యాస్ లోపలికొచ్చేది) ఆలస్యంగా మూసుకుంటుంది. పిస్టన్ పైకి లేస్తుంటే లోపలికొచ్చిన గ్యాస్ కొంత తిరిగి కార్బరేటర్ వైపు పోతుంది. కింద ఆర్‌పీఎంలో బండి చచ్చిపోయినట్టుంటుంది. కంప్రెషన్ పెంచి ఉంటేనే ఆ నష్టం కొంత పూడుతుంది. మీ కారుకి గేర్లూ, ఆర్‌పీఎమ్మూ కలిసొచ్చాయి. ఈయన బుల్లెట్ సంగతి వేరు. 90 స్ట్రోకుతో 6000 తిప్పితే పిస్టన్ సగటు వేగం సెకనుకి 18 మీటర్లు. కింద బిగ్ ఎండ్‌లో (కనెక్టింగ్ రాడ్ క్రాంకుని పట్టుకునే చోట) ఉన్నది ఫ్లోటింగ్ బుష్, అంత వేగం దానికి కష్టం. పవర్ 6500 దగ్గరిచ్చే క్యామ్ వేసి లాభమేంటి, అక్కడిదాకా తీసుకెళ్లే ధైర్యం ఎవరికి?

కోనసీమ ఆర్డీ
అన్నా, మన దగ్గర రాజ్‌దూత్ 350 ఉంది. దీనికి ఏ క్యామ్ బాగుంటుంది? 😀

గోదారి ఫియట్
తమ్ముడూ, నీది టూ స్ట్రోక్, దానికి క్యామ్ ఎక్కడిది? సిలిండర్‌లోని పోర్టుల ఎత్తే నీకు క్యామ్, సైలెన్సరే నీకు హెడ్. వేరే చర్చ మొదలుపెట్టు, అందరం వస్తాం.

భీమవరం డీజిల్
మా షాపుకి ఎక్కువగా చెరువుల మీద ఏరియేటర్లు నడిపే జనరేటర్ల హెడ్లే వస్తాయి. రేసు గురించి నాకు తెలిసింది తక్కువ, వాల్వు కూర్చునే సీటు గురించి మాత్రం చెప్పగలను. వాల్వు కాడ జారే గైడు అరిగి ఉంటే సీటు ఎంత బాగా కోసినా వృథా. వాల్వు ఊగుతూ ఓ పక్కకి కూర్చుంటుంది. గైడు పని అయ్యాకే సీటు. 30, 45, 60 మూడు కోణాల్లో కోయించండి. ఇన్‌టేక్‌కి సీటు వెడల్పు ఒక మిల్లీమీటరు పైచిలుకు చాలు. ఎగ్జాస్ట్‌కి ఒకటిన్నర ఉంచండి, ఆ వాల్వు వేడి దిగేది సీటు మీదుగానే. తర్వాత పోర్టులో కిరసనాయిలు పోసి కాసేపు వదిలేయండి. ఛాంబర్ వైపు చెమ్మ కనిపించకూడదు.

పాలకొల్లు 350
అందరికీ థాంక్సండి. మరి పోర్టులు పెద్దవి చేయడం?

తణుకు టర్నర్
చేయించకండి. పోర్టు వెడల్పయితే గాలి వేగం పడిపోతుంది, సిలిండర్ సరిగా నిండదు. అద్దంలా పాలిష్ కూడా అక్కర్లేదు. చేయాల్సిన పనంతా సీటుకి అటూ ఇటూ ఉన్న అంగుళంలోనే ఉంది. వాల్వు తీసి సీటు కింద గోరు పెట్టి చుట్టూ తిప్పండి. సీటు రింగు, అల్యూమినియం కలిసే చోట గోరుకి మెట్టు తగులుతుంది. ఆ మెట్టు తీసి కలిపేయండి. సీటు కింది గొంతు వాల్వు డయామీటర్‌లో 85 నుంచి 90 శాతం లోపు ఉండాలి. పోర్టు లోపల వంపు తిరిగే దగ్గర పొట్టి వైపు అంచు ఉంటుంది, దాన్ని గుండ్రం చేయండి, అంతే. దాన్ని లోతుగా గీకేస్తే గాలి ఆ మలుపు దగ్గరే విడిపోతుంది.

లిఫ్ట్ (వాల్వు లేచే ఎత్తు) మోజు కూడా వద్దు. వాల్వు తన డయామీటర్‌లో నాలుగో వంతు లేచేసరికి చుట్టూ తెరుచుకున్న జాగా వాల్వు వైశాల్యానికి సమానమైపోతుంది. ఆపైన పెంచినకొద్దీ లాభం తగ్గుతూ, స్ప్రింగుకీ రాకర్‌కీ కష్టం పెరుగుతూ ఉంటుంది.

మండపేట పుష్‌రాడ్
ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను. మాకు తెలిసిన కుర్రాడి బండికి ఒక షాపులో కంప్రెషన్ కోసం హెడ్ ఫేస్ (సిలిండర్ మీద కూర్చునే అడుగు) 2 మిల్లీమీటర్ల పైన తీసేశారు. పైగా ఎక్కువ లిఫ్ట్ క్యామ్. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య క్లియరెన్స్ చూసినవాడు లేడు. కిక్ కొట్టగానే స్టార్టయింది, రేజ్ చేయగానే ఇన్‌టేక్ వాల్వు వంగింది.

70 బోరుకి ఒక మిల్లీమీటరు తీస్తే తగ్గేది 3.85 సీసీయే. అర్ధగోళం ఛాంబర్‌లో అంత తీయడం కంటే కాస్త బుడిపె ఉన్న పిస్టన్ వేయడం మేలు. ఏది చేసినా పిస్టన్ నెత్తి మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద అంటించి, దాని మీద కాస్త నూనె రాసి, హెడ్ బిగించి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. విప్పి చూస్తే వాల్వు అంచు ముద్ర నెలవంకలా పడి ఉంటుంది. బ్లేడుతో అడ్డంగా కోసి, అన్నిటికంటే పల్చగా ఉన్న చోట కొలవండి. ఇన్‌టేక్ వైపు ఒకటిన్నర, ఎగ్జాస్ట్ వైపు రెండు మిల్లీమీటర్లు ఉండాలి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు చూస్తే చాలదు. పిస్టన్‌కి దగ్గరయ్యేది టాప్ దాటే ముందూ వెనకా, పది డిగ్రీల అటూ ఇటూ.

గోదారి ఫియట్
క్యామ్ వేసేవాళ్లకి: గేరు మీది గుర్తులు కలిపేసి ఊరుకోకండి. డిగ్రీ వీల్ (క్రాంకు ఎంత తిరిగిందో చూపేది), డయల్ గేజ్ (వాల్వు ఎంత లేచిందో చూపేది) పెట్టండి. ప్లగ్ రంధ్రంలో స్టాపర్ బిగించి, అటొకసారి ఇటొకసారి తాకించి, రెండు రీడింగుల మధ్యే అసలు టాప్. అరిగిన క్యామ్‌ని మళ్లీ గ్రైండ్ చేయిస్తే పై గట్టి పొర పోతుంది, హార్డెనింగ్ అడగండి. కొత్త క్యామ్‌తో స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదలొద్దు. మొదటి 20 నిమిషాలు 2000 ఆర్‌పీఎం దగ్గర అటూ ఇటూ తిప్పాలి, జింక్ ఎక్కువున్న ఆయిల్‌తో. లేకపోతే క్యామ్ మీద ఆనే ట్యాపెట్ అడుగు గీరుకుపోతుంది.

కోనసీమ ఆర్డీ
పెట్రోల్ సంగతి? రోహిణి కార్తెలో 8.5 కంప్రెషన్‌తో మామూలు పెట్రోల్ పోస్తే కొట్టుకోదా?

మండపేట పుష్‌రాడ్
అడ్వాన్స్ (స్పార్కు ముందుగా పడటం) కొంచెం వెనక్కి తెచ్చి, కార్బరేటర్ జెట్టు ఒక సైజు పెంచి చూడాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో మిక్చర్ ఎలాగూ పల్చనవుతుంది. మన గాలిలో తేమకి పెట్రోల్ ట్యాంకులో నెలలకొద్దీ నిలవ ఉంచొద్దు, ఇథనాల్ నీళ్లు పీలుస్తుంది. ట్రయల్ కాలవ గట్ల మీద వేయకండి బాబూ, ఆ మలుపుల్లో గడ్డి బళ్లుంటాయి.

పాలకొల్లు 350
సిరంజితో కొలిచానండి. 57 సీసీ. లెక్కేస్తే 7.1 దాకా వచ్చింది. ఇన్‌టేక్ వాల్వు గైడులో బాగా ఊగుతోంది. సీటు కింద మెట్టు గోరుకి గట్టిగానే తగిలింది. ముందు చేయించేవి ఇవి: గైడులు, మూడు కోణాల సీటు, ఆ మెట్టు తీయించడం, 8కి తెచ్చే పిస్టన్. క్యామ్ ఉన్నదే ఉంచుతాను. గోదారి ఫియట్ గారు ఏమనుకోకండి.

గోదారి ఫియట్
అనుకునేదేముందండి. ఒక సీజన్ తిప్పాక మీరే క్యామ్ అడుగుతారు, ఈ చర్చ ఇక్కడే ఉంటుంది.

తణుకు టర్నర్
8కి ఛాంబర్ 49న్నర సీసీ రావాలి, పిస్టన్ కొనేముందు బుడిపె ఎంతో అడగండి. హెడ్ ఒక్కటే పంపితే లాభం లేదు, వాల్వులు కూడా తీసుకురండి. స్టెమ్ (వాల్వు కాడ) కొలవకుండా గైడుకి రీమర్ (రంధ్రం సరిచేసే పనిముట్టు) పట్టను. మంగళవారం షాపు సెలవు.