అఫ్గాన్ స్పిన్నర్ నూర్ అహ్మద్ లాగా మణికట్టుతో వేస్తున్న మా తమ్ముడిని మార్చమంటారా, వదిలెయ్యమంటారా?

లెఫ్టీ_అన్న:
మా వాడికి 13, ఎడమచేతి వాటం, మణికట్టుతో తిప్పుతాడు. అకాడమీలో సారేమో వేళ్లతో వెయ్యి లేకపోతే లైన్ దొరకదు అని రోజూ క్లాసు. వీడేమో రాత్రి దుప్పట్లో ఫోన్ పెట్టుకుని నూర్ వీడియోలే. 2005లో పుట్టినోడు, ఐపీఎల్‌లో గుజరాత్ 30 లక్షలకి కొంటే తర్వాత చెన్నై 10 కోట్లు పెట్టింది. నాకు రెండే డౌట్లు. మార్చుకోవాలా వద్దా? ఆ గూగ్లీ (మామూలు బాల్ లాగే కనిపించి ఎదురు దిక్కుకి తిరిగేది) చేతిలోంచి ఎలా వదులుతాడు?

పసుపు_జెండా:
10 కోట్లు తక్కువే బ్రో. 2025 మార్చి 23, చెపాక్‌లో ముంబై మీద 18 రన్స్‌కే 4 వికెట్లు. సూర్య ముందుకొచ్చాడు, బాల్ మిస్సయింది, వెనక్కి తిరిగేలోపు ధోనీ బెయిల్స్ లేపేశాడు, 0.12 సెకన్లంట. నేను టీవీ ముందు టీ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయా, చల్లారిపోయింది. ఆ సీజన్లో 24 వికెట్లు. మేం ఆడిన చెత్తకి వాడొక్కడే ఊరట.

ఉప్పల్_ఈస్ట్_స్టాండ్:
అదే మ్యాచ్‌లో మన తిలక్‌ని ఎల్బీ చేశాడు అది మాత్రం చెప్పవు. అయినా అఫ్గాన్ స్పిన్నర్ల విలువ ముందు కనిపెట్టింది మేం. 2017లో రషీద్‌ని 4 కోట్లకి తెచ్చింది హైదరాబాదే, నబీని కూడా. 2018లో రషీద్ ఈడెన్‌లో 10 బంతుల్లో 34 కొట్టి 3 వికెట్లు తీసి ఫైనల్‌కి మోసుకెళ్లాడు. అట్లాంటోణ్ణి 2022కి ముందు చేతులారా వదిలేసినం. వాడు గుజరాత్ పోయిండు, వాళ్లకి మొదటి ఏడే కప్పు. ఇది గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదు.

గోలి_గోపి:
అందరూ నూర్ నూర్ అంటున్నారు గానీ 2020 అండర్-19 వరల్డ్ కప్ ఎవరికీ గుర్తులేదా? బెనోనీలో పాకిస్తాన్ మీద క్వార్టర్ ఫైనల్, 64 మీదున్న హురైరాని నాన్-స్ట్రైకర్ ఎండ్‌లో బెయిల్స్ కొట్టి పంపించాడు. మన్కడింగ్, అంటే బాల్ వెయ్యకముందే గీత దాటిన నాన్-స్ట్రైకర్‌ని బౌలరే అవుట్ చెయ్యడం. తమ్ముడికి అది కూడా నేర్పిస్తావా అన్నా?

రూల్_బుక్_రావు:
బాబూ, 11 ఏళ్లుగా లీగు మ్యాచ్‌లకి అంపైరింగ్ చేస్తున్నా. అది రనౌట్. 2022 అక్టోబర్ నుంచి, క్రికెట్ రూల్స్ రాసే ఎంసీసీ దాన్ని 41వ లా నుంచి తీసి రనౌట్ లా 38లో పెట్టింది, అంటే "అన్‌ఫెయిర్ ప్లే" ముద్ర కూడా పోయింది. తెలుసుకుని మాట్లాడు.

గోలి_గోపి:
రావు గారూ మీరే చెప్పారు 2022 అని. వాడు చేసింది 2020లో. దొరికారా?

రూల్_బుక్_రావు:
అప్పుడూ అవుటే! స్థలం మారింది గానీ తీర్పు మారలేదు. మీ బోటి వాళ్లు అడుగు ముందే బయటపెట్టి పరిగెడతారు, కొడితే ఏడుస్తారు.

గోలి_గోపి:
ఏడవడం కాదు సార్. మా కాలనీ టోర్నీ ఫైనల్, చివరి ఓవర్, 4 రన్స్ కావాలి, నేను అవతలి ఎండ్‌లో. వార్నింగ్ కూడా ఇవ్వకుండా కొట్టాడు. ఆరేళ్లయింది, వాడితో ఇప్పటికీ మాటల్లేవు, వాడి పెళ్లికి కూడా వెళ్లలా.

పసుపు_జెండా:
😂😂 ఆ 2020 మ్యాచ్ పాకిస్తానే 6 వికెట్లతో గెలిచింది కదా, మీ పగ దేనికి? 2023 వరల్డ్ కప్‌లో చెపాక్‌లోనే బాబర్, రిజ్వాన్, షఫీక్ ముగ్గుర్నీ తీశాడు, అదీ తన మొదటి వరల్డ్ కప్ మ్యాచ్. లెక్క సరిపోయింది.

షార్జా_శీను:
ఇక్కడి అఫ్గాన్ వాళ్ల పిచ్చి మీకు తెలీదు. 2024 సెప్టెంబర్‌లో సౌతాఫ్రికా మ్యాచ్‌కి నన్ను దింపిన టాక్సీ ఆయనది ఖోస్త్, అఫ్గాన్ ఓపెనర్ గుర్బాజ్ ఊరే. గేటు దగ్గర డబ్బులు తీసుకుని బండి పక్కన పెట్టేసి నాతోపాటే లోపలికొచ్చాడు. గుర్బాజ్ 105 కొట్టాడు, రషీద్ తన బర్త్‌డే రోజే 19 రన్స్‌కి 5 వికెట్లు. ఆయన ఏడుస్తూ నన్ను వాటేసుకున్నాడు, నా చొక్కా అంతా తడి. ఇంకోటి, నూర్‌ని ఇక్కడి యూఏఈ లీగ్ ఐఎల్‌టీ20 వాళ్లు 12 నెలలు బ్యాన్ చేశారు, షార్జా టీమ్‌తో ఇంకో ఏడాదికి సంతకం పెట్టనన్నాడని. అసలు 20 నెలలు, మొదటి కాంట్రాక్టప్పుడు మైనర్ అని తగ్గించారు. పిల్లాడితో ఏజెంట్లు సంతకాలు పెట్టిస్తే ఇట్లాగే ఉంటుంది.

ఉప్పల్_ఈస్ట్_స్టాండ్:
మైనరా? వాళ్ల వయసులు నమ్ముతున్నవా నువ్వు 🙄

షార్జా_శీను:
నీ దగ్గర ప్రూఫ్ ఉంటే పెట్టు, లేకపోతే మూసుకో. రషీద్ పోయిన కడుపుమంట ఇక్కడ కక్కకు.

లెఫ్టీ_అన్న:
అన్నలూ, తమ్ముడి సంగతి...

మణికట్టు_మూర్తి:
ఇన్ని పోస్టుల్లో ఒక్కడూ చెప్పలేదు, నేను చెప్తా. కాలేజీ టీమ్‌కి నేనూ ఇదే వేశా. మామూలు బాల్ రైట్ హ్యాండర్‌కి లోపలికొస్తుంది, గూగ్లీ బయటికి పోతుంది. వదిలేటప్పుడు చేతి వెనకభాగం బ్యాట్స్‌మన్ వైపు ఉండాలి, ఉంగరం వేలు తిప్పాలి. నూర్ దాన్ని స్పీడ్‌గా వేస్తాడు కాబట్టి చేయి చూసి చదివే టైమ్ ఉండదు. మీ వాణ్ణి మార్చకండి. నన్ను మార్చారు, రెండేళ్లకి అదీ రాలేదు ఇదీ పోయింది, ఇప్పుడు ఆఫీసు మ్యాచ్‌లో మీడియం పేస్ వేస్తున్నా.

లెఫ్టీ_అన్న:
థాంక్స్ మూర్తన్నా. ఇప్పుడే మేడ మీద గోడకేసి వేయించా, ఆరింటిలో ఒకటి బయటికి పోయింది. రేపు సారుతో నేనే మాట్లాడతా.

గోలి_గోపి:
బాల్ వదిలేముందు నాన్-స్ట్రైకర్‌కి ఒక్క వార్నింగ్ ఇవ్వమని కూడా చెప్పు.

రూల్_బుక్_రావు:
అక్కర్లేదు. రూల్లో వార్నింగ్ అనే మాటే లేదు.