అప్‌డేట్: నాయనకి మాట్లాడే కళ్లద్దాలు కొన్నాం

గ్లకోమాతో చూపు పోయిన మా నాయనకి ఏఐ కళ్లద్దాలు (కెమెరాతో చూసి, ఎదురుగా ఉన్నదేంటో చెవిలో చెప్పేవి) కొనొచ్చా అని పోయిన నెల తిరుపతి నుంచి అడిగాను కదా. ముందు వాడి చూసి కొనమన్నారు మీరు. వినకుండా కొనేశాం.

ఇంట్లో పనికొస్తున్నాయి. మాత్రల అట్ట ఎదురుగా పట్టుకుంటే పేరు చదివి చెవిలో చెబుతాయి. అట్ట వెనక రేకు ట్యూబులైటుకి మెరిస్తే మాత్రం తడబడతాయి. కాస్త వంచి పట్టుకోవాలని నాయనే కనిపెట్టాడు. తెలుగు పేపరు సంగతి అడక్కండి, ఒత్తుల దగ్గర ఖూనీయే. "నువ్వే చదువమ్మా" అని పేపరు నాకే ఇచ్చేశాడు.

గాంధీ రోడ్డులో హారన్ల మోతకి అద్దాల మాటే వినబడదు. పైగా అవి ఫోటో తీసి నెట్‌కి పంపి జవాబు తెచ్చుకోవాలి, ఆలోపు బండి పక్కనుంచి వెళ్లిపోతుంది. అందుకే తెల్లకర్ర వదల్లేదు.

చేతిలో ఉన్నది ఎంత నోటో తెలుసుకోడానికి మీలో ఒకరు చెప్పిన రిజర్వు బ్యాంకు 'మణి' యాప్ వాడుతున్నాం. 2020లో వచ్చిందట, ఉచితం, నెట్ లేకపోయినా పలుకుతుంది. ఇన్ని వేలు పోసే ముందు అదొక్కటీ పెట్టి చూడాల్సింది.

నిన్న కొండకి వెళ్లాం. గుడిలోకి ఫోన్లు, కెమెరాలు రానివ్వరు కాబట్టి అద్దాలు ఇంట్లోనే పెట్టి, నా భుజం పట్టుకునే క్యూలో నడిచాడు.