ఈఎంఈ వెహికల్ మెకానిక్‌కు డిశ్చార్జ్ తర్వాత తగిన ఉద్యోగం ఏది?

హవల్దార్, ప్రకాశం జిల్లా

అందరికీ జై హింద్. నేను సైన్యంలో బండ్లు, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్ ట్రేడ్‌లో హవల్దారుగా పనిచేస్తున్నాను. సికింద్రాబాద్‌లో శిక్షణ పూర్తయినప్పటి నుంచి నా పని ఎక్కువగా స్టాలియన్ ట్రక్కులు, టాటా, జిప్సీ బండ్ల మీదే సాగింది. కొన్నేళ్లుగా రిపేరు పనితో పాటు కుర్రవాళ్లకు పని అప్పగించడం, స్పేర్ల ఇండెంట్లు (కావాల్సినవి కోరే పత్రాలు) చూడడం కూడా నా బాధ్యతే. 24 ఏళ్ల కలర్ సర్వీసు (సైన్యంలో నేరుగా పనిచేసే కాలం) వచ్చే ఏడాదితో పూర్తవుతుంది. చదివింది పదో తరగతి.

నాకంటే ముందు రిటైరైన మా ఊరివాళ్లలో చాలామంది సెక్యూరిటీ గార్డులుగా చేరారు. ఆ పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గానీ, ఇన్నేళ్లు నేర్చుకున్న చేతిపనిని పక్కన పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. డిగ్రీ గానీ ఐటీఐ గానీ లేని నన్ను బయటి వర్క్‌షాపులు ఏ స్థాయిలో తీసుకుంటాయి? లేక ప్రభుత్వ ఉద్యోగానికే ప్రయత్నించాలా? పిల్లల చదువుల వల్ల విజయవాడ, గుంటూరు దాటి వెళ్లలేను.

లారీ వర్క్‌షాప్ సూపర్‌వైజర్, విజయవాడ ఆటోనగర్

హవల్దార్ గారూ, ఇంజిన్ విప్పి బిగించగలవారు ఆటోనగర్‌లో వీధికి పదిమంది దొరుకుతారు కాబట్టి, మీరు మెకానిక్ పని అడిగితే మెకానిక్ జీతమే చెబుతారు. మాకు దొరకనిది, రోడ్డు మీద ఆగిపోయిన బండి దగ్గరకు ఏ స్పేర్లు, ఎంతమంది మనుషులు వెళ్లాలో అప్పటికప్పుడు నిర్ణయించి, పని అయ్యాక దాని లెక్క కాగితం మీద పెట్టగల మనిషి. మీరు ఫీల్డులో చేస్తున్నది సరిగ్గా అదే. అందువల్ల రెడీమిక్స్ కంపెనీలు, క్వారీలు, కాలేజీ బస్సులు, ట్రాన్స్‌పోర్ట్ సంస్థలు వంటి సొంత బండ్లున్న చోట ఫ్లీట్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పనికి అడగండి.

అయితే ఒక లోటు మాత్రం చేరకముందే పూడ్చుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్నవి బీఎస్-6 (పొగ కాలుష్యంపై కఠిన ప్రమాణం) బండ్లే. మీ చేతికి అలవాటైన పాత స్టాలియన్ లోడుతో ఎత్తు ఎక్కలేకపోతే మీరు ముందు ఫిల్టర్లు, ఆ తర్వాత పంపు చూస్తారు. బీఎస్-6 లారీలో అదే లక్షణం యాడ్‌బ్లూ (పొగను శుద్ధి చేయడానికి పోసే ద్రవం) కల్తీదైనా, నాక్స్ సెన్సర్ (పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) పాడైనా కనిపిస్తుంది, ఎందుకంటే పొగ హద్దు దాటుతోందని తెలియగానే ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) తనంతట తానే టార్క్ (ఇంజిన్ లాగే శక్తి) తగ్గించేస్తుంది. అక్కడ స్పానరు కంటే ముందు స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. ఆ కోడ్‌ను గుడ్డిగా నమ్మి సెన్సర్ మార్చేయకుండా, మల్టీమీటర్‌తో వైరింగ్ చూసుకోవాలి. చాలామంది కుర్రవాళ్లు ఈ రెండో పని చేయరు, యజమానికి వేలల్లో బిల్లు పడుతుంది. ఇంజిన్ తెలిసిన మీకు ఇది నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు.

బయోడేటాలో ట్రేడ్ పేరు, క్లాసు (నైపుణ్య శ్రేణి) మాత్రమే రాస్తే ఇంటర్వ్యూ చేసేవారికి ఏమీ తెలియదు. ఎంత టన్నేజీ బండ్లు చూశారు, గేర్‌బాక్స్, బ్రేకు, ఇంజిన్ ఓవర్‌హాల్‌లలో ఏవి సొంతంగా చేశారు, మీ కింద ఎందరు పనిచేశారు, స్పేర్ల స్టాకు ఎలా చూశారు అన్నవి రాయండి. యూనిట్ ఎక్కడుంది, ఏ సామగ్రి వాడింది వంటి వివరాలు మాత్రం వద్దు.

విశ్రాంత సుబేదార్, గుంటూరు

పైన చెప్పిన లోటు పూడ్చుకోవడానికి మీకు ఇప్పుడున్నంత వెసులుబాటు డిశ్చార్జ్ తర్వాత ఉండదు. రక్షణ శాఖ కింద ఉన్న డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ రీసెటిల్‌మెంట్, జేసీఓలకు (సుబేదార్ వంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు), హవల్దారు వంటి ఇతర ర్యాంకుల వారికి కోర్సులు నడుపుతుంది. ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది, జీతమూ ఆగదు. యూనిట్ ద్వారానే దరఖాస్తు వెళ్లాలి కాబట్టి ఈ వారమే మీ హెడ్ క్లర్కును కలవండి. అందరూ తీసుకుంటున్నారని సెక్యూరిటీ కోర్సు తీసుకోకుండా, జాబితాలో ఆటోమొబైల్‌కు దగ్గరగా ఏముందో చూడండి.

ప్రభుత్వ ఉద్యోగం విషయానికొస్తే, మీ పదో తరగతి మీరనుకుంటున్నంత అడ్డంకి కాదు. పదిహేనేళ్లకు తక్కువ కాకుండా సర్వీసు చేసిన మెట్రిక్యులేట్‌ను, సాంకేతిక అర్హత అవసరం లేని కేంద్ర గ్రూప్-సి పోస్టులకు డిగ్రీ ఉన్నవాడితో సమానంగా పరిగణిస్తారు. వయసులోంచి సైనిక సర్వీసును తీసేసి, మిగిలినది గరిష్ఠ పరిమితికి మూడేళ్లకు మించి ఎక్కువ కాకుండా ఉంటే చాలు. కేంద్రంలో గ్రూప్-సి డైరెక్ట్ పోస్టుల్లో పది శాతం, ప్రభుత్వరంగ బ్యాంకుల్లో పద్నాలుగున్నర శాతం మాజీ సైనికులకు కేటాయిస్తారు. పరీక్ష మాత్రం రాయాల్సిందే. లెక్కలు, ఇంగ్లిషు మరిచిపోయి ఉంటాం కనుక దానికి ఒక ఏడాది పక్కన పెట్టుకోవాలి.

అడగకపోయినా ఇంకొక మాట. కమ్యుటేషన్ కింద పెన్షన్‌లో సగం దాకా ముందే ఒకేసారి డబ్బుగా మార్చుకోవచ్చు. ఆ డబ్బు చేతికి రాగానే కలిసి గ్యారేజీ పెడదామంటూ బంధువులు వస్తారు. బయటి వర్క్‌షాపులో ఏడాదైనా జీతానికి పనిచేసి, అప్పు మీద పని చేయించుకునే లారీ యజమానులను ఎలా వసూలు చేయాలో చూశాకే ఆ మాట ఎత్తండి.

హవల్దార్, ప్రకాశం జిల్లా

ధన్యవాదాలు సుబేదార్ సాబ్, సూపర్‌వైజర్ గారూ. కోర్సు గురించి రేపే ఆఫీసులో అడుగుతాను. ఒక్క అనుమానం ఉంది. ముందు ప్రైవేటులో చేరితే మాజీ సైనికుల కోటా పోతుందా?

విశ్రాంత సుబేదార్, గుంటూరు

పోదు. కోటా ప్రయోజనం ముగిసేది ఆ కోటాలో ప్రభుత్వ సివిల్ ఉద్యోగంలో చేరినప్పుడే. అప్పుడు కూడా, చేరకముందే వేరే పోస్టులకు దరఖాస్తు చేసి ఉంటే, ఆ దరఖాస్తుల వివరాలను తేదీలతో సహా చేరిన వెంటనే మీ కార్యాలయానికి స్వీయ ప్రకటనగా ఇవ్వాలి. అలా ఇస్తే ఆ పోస్టులకు కోటా వర్తిస్తుంది. కాబట్టి పంపిన ప్రతి దరఖాస్తు ప్రతినీ ఫైలులో దాచుకోండి.